తంగేడు ఇంట్లో బతికించినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? నాకు మూడుసార్లూ పోయింది

సిద్దిపేట ఆడపడుచు · 2023 నవంబర్ 4

అందరికీ నమస్తే. మాది ఇప్పుడు కొంపల్లి. ఇంటి ముందు గేటు పక్కన ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు మట్టి జాగా ఉంది, పొద్దున నుంచి మూడింటి దాకా ఎండ పడుతుంది. అందులో తంగేడు పెట్టాలని నా పట్టుదల. ఈసారి బతుకమ్మకి బజారుకి పోతే గుప్పెడు కట్ట యాభై రూపాయలన్నాడు, అందులో సగం మొగ్గలు, సగం వాడిపోయి రాలిపోయేవి. చిన్నప్పుడు మా ఊరి గుట్ట కింద బీట్లో సంచులు నింపుకొని తెచ్చేవాళ్ళం, తంగేడు పువ్వుని డబ్బు పెట్టి కొంటారని చెబితే మా నాయనమ్మ నవ్వేది.

ఇప్పటికి మూడుసార్లు అయింది. మొదటిసారి ఊరి నుంచి నడుము ఎత్తు మొక్కని గడ్డపారతో తవ్వి, మట్టితో సహా కారు డిక్కీలో పెట్టి తెచ్చాం. నాలుగో రోజుకి ఆకంతా రాలి పుల్ల మిగిలింది. రెండోసారి నర్సరీలో తంగేడు అని బోర్డు పెట్టి ఉంటే కొన్నా. అది బాగానే పెరిగింది, పసుపు పూలు కూడా పూసింది, కానీ మా అత్తమ్మ చూసి "ఇది తంగేడు కాదు బిడ్డా, దాని చుట్టం" అని తేల్చేసింది. మూడోసారి గింజలు. ముప్పై గింజలు, మంచి వర్మీకంపోస్ట్, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కలిపిన మట్టిలో వేసి రెండు నెలలు రోజూ నీళ్ళు పోశా. ఒక్కటంటే ఒక్కటి మొలవలేదు.

బీట్లో, రోడ్డు పక్కన, రాళ్ళలో ఎవరూ చూడకుండానే పెరిగేది నా దగ్గరే ఎందుకు ఇట్లా చేస్తుందో చెప్పండి ప్లీజ్.

అనంతపురం అబ్బి · 2023 నవంబర్ 4

అక్కా, తంగేడుకు వర్మీకంపోస్టా!! మా ఊర్లో చెప్తే నన్ను ఊర్లోకి రానీరు. మా పక్క దాన్ని నరికి పొయ్యిలో పెట్టేది, కల్లం ఊడ్చేదానికి మండలు కట్టేది, అంతే. మీరు దానికి సేవ చేసి చంపినారు అనుకుంటా.

ఎర్రమట్టి · 2023 నవంబర్ 4

నవ్వులాటకి అన్నా పై అబ్బాయి చెప్పింది సగం నిజమే. నాది పాలమూరు జిల్లా, మా చేను గట్ల మీద తంగేడు ఎప్పుడూ ఉంటుంది, రెండేళ్ళ క్రితం ఇంటి దగ్గర కూడా గింజ వేసి పెంచాను, కాబట్టి నాకు తెలిసింది ఒక్కొక్కటిగా చెప్తా.

తవ్వి తెచ్చిన మొక్క బతకదు. పైన జానెడు మొక్క ఉంటే కింద తల్లివేరు మూరెడు ఉంటుంది. నడుమెత్తు చెట్టంటే ఆ వేరు ఎక్కడిదాకా పోయి ఉంటుందో ఆలోచించండి, మీ గడ్డపార దాన్ని మధ్యలో తెంపేసి ఉంటుంది. పక్కవేళ్ళు తక్కువ, నీళ్ళు తాగే వేళ్ళ కొసలన్నీ గుట్ట కిందే ఉండిపోయాయి. మట్టిముద్దతో తెచ్చామన్నా లాభం లేదు.

గింజ మొలవకపోవడానికి కారణం పైపొట్టు. తంగేడు గింజ పొట్టు గట్టిది, నీళ్ళు లోపలికి పోనివ్వదు. బీట్లో అయితే ఎండకి, వానకి, రాళ్ళ రాపిడికి ఏళ్ళ మీద ఆ పొట్టు మెత్తబడి కొన్ని ఈ ఏడు, కొన్ని వచ్చే ఏడు మొలుస్తాయి. మీరు రెండు నెలల్లో రావాలంటే ఆ పని మీరే చెయ్యాలి. గింజకి మొలక మూతి ఉండే వైపు వదిలేసి రెండో వైపు గరుకు కాగితం మీద పైరంగు పోయి లోపలి లేతరంగు కనిపించేదాకా రుద్దండి. తర్వాత రాత్రంతా నీళ్ళలో వెయ్యండి. పొద్దునకి ఉబ్బినవి విత్తండి, ఉబ్బనివి మళ్ళీ రుద్దండి.

మట్టి సంగతి తర్వాత మాట్లాడదాం, ముందు ఆ కోకోపీట్ తీసెయ్యండి.

మిద్దెతోట పద్మ · 2023 నవంబర్ 5

రుద్దడం అంత ఓపిక లేనివాళ్ళు గింజల్ని అయిదు నిమిషాలు మరగబెట్టినా సరిపోతుంది అని ఎక్కడో చదివాను.

ఎర్రమట్టి · 2023 నవంబర్ 5

పద్మ గారూ, మరగబెడితే గింజ ఉడుకుతుంది, గుగ్గిళ్ళు అవుతాయి. నీళ్ళు మరిగించి, పొయ్యి కట్టేసి, దించి, ఆ నీళ్ళు గింజల మీద పొయ్యాలి. అవి చల్లారి రాత్రంతా అందులోనే ఉండాలి. రెండింటికీ చాలా తేడా ఉంది.

నర్సరీలో పదేళ్ళు · 2023 నవంబర్ 5

ఆడపడుచు గారూ, మీరు నర్సరీలో కొన్నది ఏంటో నేను ఇక్కడి నుంచే చెప్పగలను, ఎందుకంటే ఆ మొక్కని నేను కూడా ఆ పేరుతోనే అమ్మాను (తిట్టకండి). దాన్ని సెన్నా సురట్టెన్సిస్ అంటారు. రోడ్డు మధ్య డివైడర్లలో, పార్కుల్లో ఎక్కువ పెడతారు, ఏడాదంతా పూస్తుంది, కస్టమర్‌కి పసుపు పువ్వు కనిపిస్తే చాలు. అసలు తంగేడు సెన్నా ఆరిక్యులేటా. నర్సరీల్లో దొరకదు, ఎందుకంటే ఎవరూ అడగరు, అడిగినా ఊరికే దొరికేదానికి వంద రూపాయలు ఎందుకు అంటారు, పైగా కవర్లో ఎక్కువ రోజులు ఉంచితే వేరు చుట్టలు చుట్టుకొని మొక్క పాడవుతుంది.

గుర్తుపట్టడం చాలా తేలిక. ఆకు కాడ కొమ్మకి అతుక్కునే చోట చూడండి. అసలు తంగేడుకి అక్కడ చెవి ఆకారంలో చిన్న ఆకుల్లాంటివి రెండు ఉంటాయి, గుండ్రంగా, కొంచెం పెద్దగా, రాలిపోకుండా. ఆరిక్యులా అంటే లాటిన్లో చెవి, పేరు అందుకే వచ్చింది. ఇంకో గుర్తు, ఆకు ఈనె మీద ప్రతి జత చిట్టి ఆకుల మధ్యా ఒక సన్నటి ముల్లులాంటి గ్రంథి నిలబడి ఉంటుంది. సురట్టెన్సిస్‌కి అది కింది రెండు మూడు జతల దగ్గరే ఉంటుంది, ఆ పెద్ద చెవులూ ఉండవు.

సిద్దిపేట ఆడపడుచు · 2023 నవంబర్ 5

ఇప్పుడే టార్చ్ పట్టుకొని గేటు దగ్గరికి పోయి చూసొచ్చా. చెవులు లేవు. అత్తమ్మ గెలిచింది. ఆమె ఏ చెవీ చూడలేదు, వాసన చూసి చెప్పిందంట.

కాకినాడ కాజా · 2023 నవంబర్ 6

అందరికీ నమస్కారమండి. చిన్న డౌటు. మా ఇంట్లో పెద్దావిడ మలబద్ధకానికి నేల తంగేడు ఆకు పొడి వాడతారు. మీరు పెంచేది అదేనా అండి? అయితే నాకూ కావాలి.

నర్సరీలో పదేళ్ళు · 2023 నవంబర్ 6

కాదండి. మీరు చెప్పేది సునాముఖి, దాన్ని నేల తంగేడు అని కూడా అంటారు. అది చిన్న మొక్క, విరేచనాలకి వాడే ఆకు అదే. పేరులో తంగేడు ఉంది కదా అని దీని ఆకు దానికి బదులు వాడకండి, దాని ఆకు కూడా డాక్టర్‌ని అడక్కుండా రోజూ వాడకండి. సీమ తంగేడు అని ఇంకొకటుంది, అది పెద్ద చెట్టు, రోడ్ల పక్కన వేస్తారు. రేల, కసింద, తగిరిస ఇవన్నీ కూడా దీని చుట్టాలే. పెద్ద కుటుంబం, అత్తమ్మ చెప్పినట్టు.

కోవై తెలుగు · 2023 నవంబర్ 7

మేము మూడు తరాలుగా కోయంబత్తూరులో ఉంటున్న తెలుగువాళ్ళం. ఇక్కడ దీన్ని ఆవారంపూ అంటారు. భోగి రోజు ఇంటి చూరుకి, గేటుకి, పశువుల కొట్టానికి కాప్పు అని కడతారు, అందులో ఆవారంపూ, వేపాకు, తెల్లగా దూదిలాంటి ఇంకో పువ్వు (మన కొండపిండి) తప్పనిసరి. మీకు బతుకమ్మకి ఎట్లాగో మాకు సంక్రాంతికి అట్లాగ. ఎండబెట్టిన పూలు టీ పెట్టుకోడానికి కూడా షాపుల్లో అమ్ముతారు. తంగేడు పూసిన ఊళ్ళో చావులుండవు అనే అర్థం వచ్చే సామెత కూడా అరవంలో ఉంది.

అనంతపురం అబ్బి · 2023 నవంబర్ 7

ఆ సామెత నిజమైతే మా జిల్లాలో అందరూ నూరేళ్ళు బతకల్ల.

రవి నిజాంపేట · 2023 నవంబర్ 7

టీ అన్నారు కదా, మా నాన్నకి షుగర్ ఉంది. ఈ పూల టీ తాగితే మాత్రలు మానెయ్యొచ్చంటారా? వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది.

కోవై తెలుగు · 2023 నవంబర్ 7

మానకూడదు బాబూ. మా ఇంట్లోనూ షుగర్ ఉన్నవాళ్ళున్నారు, మాత్ర వేసుకొనే ఉంటారు. మాత్రతో పాటు ఇది కూడా రోజూ తాగితే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉందని మా డాక్టరే హెచ్చరించారు, కాబట్టి మీ డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టండి.

మోడరేటర్ · 2023 నవంబర్ 8

తంగేడు పొడి, తంగేడు నూనె అమ్ముతామంటూ ఫోన్ నంబర్లతో వచ్చిన నాలుగు పోస్టులు తీసేశాం. ఇది మొక్క పెంచడం గురించిన చర్చ, అక్కడే ఉందాం.

తాతముచ్చట · 2023 నవంబర్ 8

పెంచడం గురించి కాదు కానీ ఒక్కమాట. మా తాతల కాలంలో తంగేడు చెక్కకి పెద్ద గిరాకీ ఉండేది. కొమ్మలు కొట్టి, పట్ట ఒలిచి, ఎండబెట్టి కట్టలు కట్టేవాళ్ళు. లందలో ఆ చెక్క వేసి తోళ్ళు నానబెట్టేది. ఆ చెక్కలో వగరు ఎక్కువ, దాదాపు అయిదో వంతు దాకా టానిన్ ఉంటుంది. దక్షిణాది నుంచి విదేశాలకి పోయిన తోళ్ళలో చాలా భాగం దీనితో పదును చేసినవే. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ అనే తుమ్మజాతి చెట్టు బెరడు చవకగా రావడం మొదలై దీని పని అయిపోయింది. మా ఊళ్ళో లంద ఉన్న చోట ఇప్పుడు వెంచర్ రాళ్ళు పాతారు. తంగేడు కూడా లేదు అక్కడ.

ఇంట్లో పెంచాలనే ఆలోచన మంచిదే. మా కాలంలో అయితే ఎవరూ నమ్మరు.

సిద్దిపేట ఆడపడుచు · 2024 ఫిబ్రవరి 11

మళ్ళీ వచ్చా. సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు కాయలు తెచ్చుకున్నా. చదునుగా, కాగితంలా ఎండిపోయి, ఊపితే గలగలమనేవి మాత్రమే కోశా. ఒక కాయలో పదికి పైనే గింజలున్నాయి. కానీ సగం కాయలకి గుండుసూది బెజ్జాలు, లోపల గింజ పుచ్చిపోయి పొడి. అందరికీ ఇంతేనా?

ఎర్రమట్టి · 2024 ఫిబ్రవరి 11

ఇంతే. అది పెసలకీ కందులకీ పట్టే పెంకుపురుగు లాంటిదే. మీరు తెచ్చినవాటిలో నీళ్ళలో తేలేవి పారెయ్యండి, మునిగినవి ఆరబెట్టి సీసాలో పోసి కొంచెం బూడిద కలిపి ఉంచండి. జూన్లో మొదటి మంచి వాన పడ్డాక విత్తండి, ఇప్పుడే వేస్తే ఎండాకాలం మొత్తం మీరు నీళ్ళ బిందెతో నిలబడాలి.

జాగా ఇప్పుడే సిద్ధం చెయ్యండి. మీది కొత్త ఇల్లు అనుకుంటా, అక్కడ ఏం మట్టి పోశారు?

సిద్దిపేట ఆడపడుచు · 2024 ఫిబ్రవరి 12

నల్లరేగడి. బిల్డర్ ఎక్కడినుంచో రెండు ట్రాక్టర్లు పోయించాడు, గులాబీలకి బాగుంటుందని. వాన పడితే రెండు రోజులు బురద.

ఎర్రమట్టి · 2024 ఫిబ్రవరి 12

అయితే మీ అసలు సమస్య దొరికింది. రెండడుగుల లోతు తవ్వి ఆ రేగడి తీసేసి, సగం ఎర్రమట్టి సగం మొరం కలిపి నింపండి. చుట్టూ ఉన్న నేల కంటే జానెడు ఎత్తుగా ఉండాలి, నీళ్ళు నిలవకూడదు. ఎరువు వద్దు. వెయ్యకపోతే మనసు ఒప్పదు అనుకుంటే గుప్పెడు మాగిన పశువుల ఎరువు, అంతకు మించి వద్దు.

మిద్దెతోట పద్మ · 2024 ఫిబ్రవరి 12

ఇది పప్పు జాతి మొక్క కదా, వేరుబుడిపెలతో నేలకి నత్రజని అదే ఇస్తుంది, పక్కన ఉన్న మొక్కలకి కూడా మంచిది.

నర్సరీలో పదేళ్ళు · 2024 ఫిబ్రవరి 12

పద్మ గారూ, అందరూ అట్లాగే అనుకుంటారు, నేనూ అనుకున్నా. చిక్కుడు కుటుంబమే కానీ సెన్నా రకాలకి వేరుబుడిపెలు రావు. మొక్క పీకి చూసుకోండి, జీలుగకి ఉన్నట్టు ఉండవు. పూర్వం వరి మడిలో తంగేడు మండలు వేసి తొక్కేవాళ్ళు, అది ఆకు కుళ్ళి ఇచ్చే బలం, వేరు ఇచ్చేది కాదు.

సిద్దిపేట ఆడపడుచు · 2024 జూన్ 30

రిపోర్టు! మూడు రకాలుగా చేసి చూశా, ఇరవై గింజల చొప్పున. ఊరికే నానబెట్టినవాటిలో 1 మొలిచింది. వేడినీళ్ళు పోసినవాటిలో 9. గరుకు కాగితం మీద రుద్దినవాటిలో 14. రుద్దుతుంటే వేలి గోరు కూడా అరిగింది, అది వేరే విషయం. ఆరు రోజులకే పైకొచ్చాయి. జాగాలో నేరుగా నాలుగు చోట్ల వేశా, మిగతావి కవర్లలో.

ఎర్రమట్టి · 2024 జూన్ 30

బాగుంది చెల్లె. ఆ జాగాకి రెండు మొక్కలు చాలు, నాలుగూ నిలబడితే బలమైనవి రెండు ఉంచి తక్కినవి కోసెయ్యండి, పీకితే పక్కవాటి వేళ్ళు కదులుతాయి. కవర్లలోవి నెలలోపు ఎవరికైనా ఇచ్చెయ్యండి, ఆలస్యం చేస్తే వేరు అడుగుకి తగిలి చుట్టుకుంటుంది.

సిద్దిపేట ఆడపడుచు · 2024 జూలై 19 (రాత్రి 8:40)

అర్జెంట్!! మొక్కలు చచ్చిపోతున్నాయి. మధ్యాహ్నం బాగానే ఉన్నాయి, ఇప్పుడు చూస్తే ఆకులన్నీ జత జతగా ముడుచుకొని కిందికి వాలిపోయాయి. రెండు చెంబులు నీళ్ళు పోశా. ఇంకా పొయ్యాలా?

అనంతపురం అబ్బి · 2024 జూలై 19 (రాత్రి 8:52)

అక్కా, అవి నిద్రపోతా ఉండాయి. చింతాకు ముడుచుకునేది చూళ్ళేదా? లైటు ఆపి నువ్వూ పడుకో.

సిద్దిపేట ఆడపడుచు · 2024 జూలై 20

పొద్దున లేచి చూస్తే అన్నీ విచ్చుకొని ఉన్నాయి. టెన్షన్‌తో రాత్రంతా నేనే నిద్రపోలేదు. ఇంట్లో అందరూ నవ్వుతున్నారు.

రవి నిజాంపేట · 2024 ఆగస్టు 3

ఆడపడుచు అక్క దగ్గర తీసుకున్న రెండు కవర్ మొక్కల్లో ఒకటి బాల్కనీలో 20 లీటర్ల బకెట్లో పెట్టాను. కింది ఆకులు పసుపుపచ్చగా అయి రాలుతున్నాయి. రోజు విడిచి రోజు నీళ్ళు పోస్తున్నా. ఎండ పొద్దున రెండు గంటలు వస్తుంది.

నర్సరీలో పదేళ్ళు · 2024 ఆగస్టు 3

వానాకాలంలో రోజు విడిచి రోజు నీళ్ళెందుకు రవీ? మట్టిలో వేలు పెట్టి చూడు, రెండు కణుపుల లోతు దాకా ఎండితేనే పొయ్యి. బకెట్ అడుగున బెజ్జాలు నాలుగైదు ఉండాలి, ఒకటి సరిపోదు. అయినా రెండు గంటల ఎండకి అది సన్నగా పైకి సాగుతుంది తప్ప పూత రాదు. కనీసం అయిదారు గంటల ఎండ కావాలి. మిద్దె మీదికి మార్చు. కుండీలో బతుకుతుంది కానీ నేలలో ఉన్నంత గుబురుగా రాదు, ముందే చెబుతున్నా.

సిద్దిపేట ఆడపడుచు · 2024 ఆగస్టు 22

ఇప్పుడు కొత్త గొడవ. ఆకుపచ్చ పురుగులు, ఆకు రంగులోనే ఉన్నాయి, పక్కన సన్నటి గీత. ఒక మొక్కకి పై సగం ఆకు మొత్తం తినేశాయి, ఈనెలు మిగిలాయి. చీమలు కూడా తిరుగుతున్నాయి. పక్కింటాయన మందు డబ్బా తెచ్చి ఇచ్చాడు, కొట్టమని. కొట్టాలా వద్దా?

మిద్దెతోట పద్మ · 2024 ఆగస్టు 22

వేపనూనె కొట్టండి, లీటరుకి అయిదు మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బునీళ్ళు.

పురుగుల పిచ్చోడు · 2024 ఆగస్టు 22

ఆగండి ఆగండి, ఏదీ కొట్టకండి! గత పది రోజుల్లో లేతపసుపు, తెలుపు కలిసిన సీతాకోకచిలుకలు మీ మొక్క చుట్టూ తిరగడం గమనించారా? అవి గుడ్లు పెట్టేది ఈ జాతి మొక్కల మీదే, వాటి పిల్లలు మీ కరివేపాకు జోలికి పోవు, గులాబీ జోలికీ పోవు. రెండు మూడు వారాల్లో గూడు కట్టుకొని ఎగిరిపోతాయి. తంగేడు ఆకు తిరిగి చిగురిస్తుంది, దానికి ఇది అలవాటే. రెండు నెలల పసిమొక్క కాబట్టి మీకు భయంగా ఉంటే సగం పురుగుల్ని ఆకుతో సహా తీసి ఖాళీ స్థలంలో ఉన్న కసింద మీద వదలండి.

చీమలు వచ్చేది పురుగు కోసం కాదు. ఆకు ఈనె మీద ఆ గ్రంథులున్నాయన్నారు కదా పైన, వాటిలోంచి తియ్యటి రసం ఊరుతుంది, దానికోసం. చీమలు తిరుగుతుంటే గుడ్లు పెట్టేవాటికి కొంచెం బెదురు. మొక్క పెట్టుకున్న కాపలా అనుకోండి, జీతం ఇస్తుంది.

సిద్దిపేట ఆడపడుచు · 2024 ఆగస్టు 23

కొట్టలేదు. మా చిన్నోడు రెండు పురుగుల్ని జామ్ సీసాలో వేసి పైన గుడ్డ కట్టి పెంచుతున్నాడు, రోజూ నాలుగు రెమ్మలు కావాలంట. మొక్క బతకాలని నేను, పురుగు బతకాలని వాడు.

డల్లాస్ దొడ్లో · 2024 అక్టోబర్ 5

బతుకమ్మ టైమ్ కదా అని ఈ థ్రెడ్ కనబడి మొత్తం చదివాను. మాకిక్కడ బతుకమ్మ అంటే షాపులో చామంతులు, బంతులే. ఇండియా నుంచి గింజలు జేబులో వేసుకొని రావాలనిపిస్తుంది కానీ అనుమతి కాగితాలు లేకుండా తేకూడదు, ఎయిర్‌పోర్టులో తీసి పడేస్తారు, మంచిదే, వేరే నేల మొక్క ఇక్కడ ఏం చేస్తుందో తెలియదు. నేను చేసిందేమిటంటే టెక్సాస్ నేల మీదే పుట్టిన దాని చుట్టాన్ని పట్టుకున్నా. లిండ్‌హైమర్ సెన్నా అంటారు, ఇక్కడి స్థానిక మొక్కల నర్సరీలో దొరికింది. ఆకు మెత్తగా మఖమల్‌లా ఉంటుంది, పువ్వు దాదాపు మన తంగేడే. చలికాలంలో పైన చచ్చిపోయి వేరు నుంచి మళ్ళీ వస్తుంది. ఈ ఏడు బతుకమ్మ కింది వరసలో పన్నెండు పూలు పెట్టాం. మా అమ్మ వీడియోకాల్‌లో చూసి తంగేడెక్కడిదే అని అడిగింది.

సిద్దిపేట ఆడపడుచు · 2024 అక్టోబర్ 11

పన్నెండు అయినా పెట్టారు, నాకు సున్నా. మొక్కలు మూడడుగులు పెరిగాయి, ఒక్క మొగ్గ లేదు. మళ్ళీ బజారులోనే కొన్నా. సద్దుల బతుకమ్మ రోజు మా అత్తమ్మ మొక్కల దగ్గర నిలబడి "తిన్నదంతా ఆకుకే పోతుంది, పువ్వుకి రాదు" అని నన్ను చూసుకుంటూ అంది. మొక్క గురించే అనుకుంటున్నా.

ఎర్రమట్టి · 2024 అక్టోబర్ 12

మొదటి ఏడు వేరుకి పోతుంది చెల్లె, కంగారు పడకు. ఎండాకాలంలో నీళ్ళు బాగా తగ్గించు, పది పదిహేను రోజులకోసారి ఒక బకెట్, చాలు. మే చివర్లో, వానలకి ముందు, మూడో వంతు ఎత్తు కత్తిరించు. పూత కొత్త చిగుళ్ళ కొసలకే వస్తుంది, ఎన్ని కొసలు ఉంటే అన్ని గుత్తులు. బీట్లో జనం కట్టెలకి నరుకుతారు చూడు, నరికిన చెట్టే ఆ ఏడు గుబురుగా పూస్తుంది. కానీ జూలై తర్వాత కత్తెర పెట్టకు, మొగ్గ పోతుంది.

కొత్తసభ్యుడు 2025 · 2025 మార్చి 2

హాయ్ ఫ్రెండ్స్, అడవి నుంచి తంగేడు మొక్క తవ్వి తెచ్చి పెట్టుకోవచ్చా?

అనంతపురం అబ్బి · 2025 మార్చి 2

నాయనా, మొదటి పేజీ నుంచి చదువు.

తాతముచ్చట · 2025 మార్చి 2

చదివే ఓపిక లేకపోతే ఇది విను. చావడం ఒక్కటే కాదు, అడవిలోది తవ్వకూడదు కూడా. ఉన్నవే కొన్ని. బీడు కనిపిస్తే జేసీబీ దిగుతోంది. కాయ తెచ్చుకో, చెట్టుని ఉండనివ్వు.

సిద్దిపేట ఆడపడుచు · 2025 ఆగస్టు 29

మొగ్గలు!!! మేలో భయపడుతూనే కత్తిరించా, మా ఆయన అయితే ఇది హత్య అన్నాడు. ఇప్పుడు ఒక్కో మొక్కకి ఇరవై పైన కొసలు, ప్రతి కొసకీ గుత్తి. నిన్న మొదటి పువ్వు విచ్చింది. పొద్దున ఏడింటికి నల్లటి పెద్ద తుమ్మెద ఒకటి వచ్చి పువ్వుని పట్టుకొని బొయ్ఁ అని గట్టిగా మోత చేసింది, మోటారు ఆడించినట్టు, మళ్ళీ వేరే పువ్వు మీదికి. ఎందుకట్లా చేస్తుంది?

పురుగుల పిచ్చోడు · 2025 ఆగస్టు 29

దాని పొడి దులపడానికి. తంగేడు పువ్వులో మకరందం ఉండదు, పుప్పొడే ఉంటుంది. ఆ పుప్పొడి సంచులు మిగతా పూలలాగా నిలువునా చీలవు, కొసన చిన్న బెజ్జం ఉంటుంది, ఉప్పు డబ్బాలాగా. పట్టుకొని అదరగొడితేనే రాలుతుంది. తుమ్మెద రెక్కలు కదపకుండా ఒంటి కండరాలతో ఆ అదురు పుట్టిస్తుంది, మీరు విన్న మోత అదే.

కాకినాడ కాజా · 2025 ఆగస్టు 30

మకరందం లేదంటారేంటండి, మరి తంగేటి జున్ను అని మన పెద్దవాళ్ళు ఊరికే అన్నారా? అంత తీపి తేనె ఇంకోటి లేదంటారు కదా.

పురుగుల పిచ్చోడు · 2025 ఆగస్టు 30

మంచి ప్రశ్న వేశారు. జుంటీగలు చిన్న పట్టు పెడతాయి, అరచేతంత, అదీ ఇట్లాంటి పొట్టి పొదల కొమ్మకే. పశువులు కాసే పిల్లలకి చేతికందే ఎత్తులో దొరుకుతుంది. పట్టు తంగేటి కొమ్మది, తేనె మాత్రం చుట్టుపక్కల అన్ని పూలదీ. ఇది నా లెక్క, పెద్దవాళ్ళ మాటని కొట్టెయ్యడం లేదు.

సిద్దిపేట ఆడపడుచు · 2025 సెప్టెంబర్ 21

ఈ రోజు ఎంగిలిపూల బతుకమ్మ. అయిదింటికే లేచి బుట్ట తీసుకొని గేటు దగ్గరికి పోతే ఒక మొక్క కొసలన్నీ ఖాళీ. ఎవరో నాకంటే ముందు లేచారు. గోడ అవతల చెయ్యి చాపితే అందేవన్నీ పోయాయి. చాలా కోపం వచ్చింది, సీసీ కెమెరా చూద్దామన్నాడు మా ఆయన. అత్తమ్మ వద్దంది. "పండగ పూట తంగేడు కోసుకున్నోళ్ళని దొంగ అంటారా, మనం ఎవరి బీట్లో అడిగి కోసినం?" అంది. రెండో మొక్కకి ఉన్నవి లెక్కపెట్టి కోశా, 86 పూలు, రెమ్మలు కాకుండా. గుమ్మడాకు మీద కింది వరస మొత్తం తంగేడే వచ్చింది, పైన గునుగు, బంతి. అత్తమ్మ ఒక పువ్వు వాసన చూసి ఏం మాట్లాడకుండా తాంబాళంలో పెట్టింది.

అనంతపురం అబ్బి · 2025 సెప్టెంబర్ 21

ఫోటో ఏదక్కా?

ఎర్రమట్టి · 2025 సెప్టెంబర్ 21

తొమ్మిది రోజులకీ పూలు కావాలంటే మొగ్గ గుత్తిని మొత్తం తుంచకు, విచ్చిన పువ్వు మాత్రమే గిల్లు. రేపటికి పక్క మొగ్గ విచ్చుకుంటుంది. కాయలకి నాలుగు గుత్తులు వదిలెయ్యి.

డల్లాస్ దొడ్లో · 2025 సెప్టెంబర్ 22

మా అమ్మ బోయిన్‌పల్లిలో ఉంటుంది, ఆమె వాకిట్లో పెడతానంటోంది. జనవరిలో కాయలు వచ్చాక ఆమెకి ఓ ఇరవై గింజలు ఇస్తారా?

సిద్దిపేట ఆడపడుచు · 2025 సెప్టెంబర్ 22

ఇస్తా. కానీ రుద్దడం ఆమే చేసుకోవాలి, నా గోరు ఇప్పుడిప్పుడే పెరిగింది.